ఓక్లహోమాలో భూమి ఎందుకు అదురుతోంది, అక్కడ ఇల్లున్నవాళ్లు ఏం చేయాలి

నమస్కారమండీ. మీ అమ్మాయి, అల్లుడు ఓక్లహోమాలోని ఎడ్మండ్‌లో ఇల్లు కొనుక్కున్నారని, గృహప్రవేశమైన ఏడాదిలోనే మూడుసార్లు ఇల్లు కదిలిందని, పక్కింటి పెద్దాయన మాత్రం తనకు యాభై ఏళ్లు వచ్చేదాకా ఆ ఊళ్లో భూకంపమంటే ఎరగనన్నారని రాశారు. ఇది చమురు కంపెనీలు చేసే ఫ్రాకింగ్ (ఎక్కువ ఒత్తిడితో నీరు, ఇసుక పంపి రాతిని చీల్చడం) వల్లేనా, ముందుముందు ఇంకా పెద్దది వస్తుందా, ఇల్లు అమ్మేసి మరో రాష్ట్రానికి వెళ్లమని పిల్లలకు చెప్పాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఖమ్మంలో మీ ఇంట్లో మంచాలు కదలడం చూశాక ఈ భయం మరీ ఎక్కువైందని కూడా రాశారు. నేను 2006లో చదువుకోవడానికి ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్‌కు వచ్చాను. ఆ తర్వాత పదమూడేళ్లు ఓక్లహోమా చమురు క్షేత్రాల్లో, అందులో ఎక్కువకాలం ఉప్పునీటిని భూమిలోకి దింపే బావుల దగ్గర పనిచేశాను. కాబట్టి కొంచెం విస్తారంగానే రాస్తున్నాను. మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, ఆ భూకంపాలకు ముఖ్య కారణం ఫ్రాకింగ్ కాదు. చమురుతోపాటు పైకి వచ్చే ఉప్పునీటిని తిరిగి లోతైన రాతిపొరల్లోకి పంపడం. ఈ తేడాను ముందు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ప్రమాదం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఆ నీటి లెక్కను బట్టే తెలుస్తుంది.

పక్కింటి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. 2008 వరకు గడిచిన మూడు దశాబ్దాల్లో ఓక్లహోమా రాష్ట్రం మొత్తం మీద తీవ్రత 3 దాటిన భూకంపాలు సగటున ఏడాదికి రెండు కూడా ఉండేవి కావు. తీవ్రత 3 అంటే దగ్గర్లో, ఇంట్లో కదలకుండా కూర్చున్న మనిషికి తెలిసే స్థాయి. 2009లో అవి ఇరవై దాకా వచ్చాయి, 2013లో వంద దాటాయి, 2014లో ఐదు వందల డెబ్బై దాటి కాలిఫోర్నియాను మించిపోయాయి, 2015లో తొమ్మిది వందలకు చేరాయి. మీ పిల్లలున్న ఎడ్మండ్ దగ్గరే 2015 డిసెంబరు 29 తెల్లవారుజామున 4.3 తీవ్రతతో ఒకటి వచ్చి ఊరందరినీ నిద్రలేపింది. పూర్వం ఆ నేల ఎన్నడూ కదలలేదని కాదు. 1952 ఏప్రిల్ 9న ఎల్ రీనో దగ్గర 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాష్ట్రానికి నైరుతిన ఉన్న మీర్స్ భ్రంశం మీద వెయ్యేళ్లకు పైగా కిందట అంతకన్నా చాలా పెద్దది వచ్చిన ఆనవాళ్లు నేల మీద ఈనాటికీ కనిపిస్తాయి. భ్రంశాలు, అంటే రాతిలో లోతుగా పోయిన పాత పగుళ్లు, అక్కడ కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. వాటిలో ఎన్నో జారడానికి సిద్ధంగానే ఉన్నా, కదిలించేదేదీ లేక అలాగే పడివున్నాయి.

నేను స్వయంగా చూసిన పెద్ద భూకంపం 2016 సెప్టెంబరు 3న పానీ అనే ఊరి దగ్గర వచ్చినది. తీవ్రత 5.8, ఆ రాష్ట్రంలో యంత్రాలు నమోదు చేసినవాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. అది శనివారం, ఉదయం 7 గంటల 2 నిమిషాలు. ఆ నెల మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, పొయ్యి మీద ఇడ్లీపాత్ర పెట్టి పక్కనే నిలబడి ఉంది. ముందు పెరటి తలుపు గడియ టకటకమంది, ఎవరో బయటినుంచి లాగుతున్నారేమో అనుకున్నాను. నాలుగైదు సెకన్లు గడిచాక కాళ్ల కింద నేల పక్కకు జరిగింది. అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి, గోడల్లో కొయ్య కిర్రుమన్న చప్పుడు ఇంటి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పాకింది. అంతా సద్దుమణిగాక కూడా దేవుడి గూట్లో గొలుసుకు వేలాడే ఇత్తడి దీపం నూనె ఒలకబోసుకుంటూ ఊగుతూనే ఉంది. అమ్మకు క్షణం కూడా అనుమానం కలగలేదు. "భూమి అదిరిందిరా" అంది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆమెకు పదేళ్లు. గిన్నెల చప్పుడు అచ్చం ఇలాగే ఉండిందని ఆ రోజంతా చెప్పింది.

గడియ మోగడానికీ నేల జరగడానికీ మధ్య గడిచిన ఆ నాలుగైదు సెకన్లను మీ పిల్లలు కూడా లెక్కపెట్టడం నేర్చుకుంటే మంచిది. భూకంపం నుంచి రెండు రకాల తరంగాలు బయలుదేరుతాయి. వేగంగా వచ్చేది మొదట చేరి తలుపులను, కిటికీ అద్దాలను అదిలిస్తుంది. నెమ్మదిగా వచ్చేది తర్వాత చేరి ఇంటిని ఊపుతుంది. మధ్యలో గడిచిన సెకన్లను ఎనిమిదితో గుణిస్తే కేంద్రం సుమారుగా ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఆ రోజు మా ఇంటికి కేంద్రం ముప్పై ఐదు కిలోమీటర్ల పైచిలుకు, లెక్క సరిపోయింది. విరామమే లేకుండా దబ్బుమన్న చప్పుడుతో ఒక్క కుదుపు వచ్చి ఆగిపోతే, అది చిన్నదే కానీ చాలా దగ్గరిది. ఎడ్మండ్‌లో మీ అమ్మాయి చెబుతున్న "ఇంటికి లారీ గుద్దుకున్నట్టు" వచ్చిన కుదుపులు ఎక్కువగా ఈ రెండో రకానివి.

ఇక ఉప్పునీటి సంగతికి వస్తాను. ఓక్లహోమాలో చమురు దొరికే రాతిపొరల్లో పురాతన సముద్రాల నీరు కూడా చిక్కుకుని ఉంది. అది నేటి సముద్రపు నీటికన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉంటుంది. పొలంలో పోస్తే ఆ పొలం మళ్లీ పండదు, వాగులోకి వదిలితే చేపలు బతకవు. 2000ల చివర్లో అడ్డంగా తవ్వే బావులు చవకై, చమురు ధర పెరగడంతో, అంతకుముందు నీరు మరీ ఎక్కువని వదిలేసిన మిసిసిపియన్ సున్నపురాయి పొరల్లోకి కంపెనీలు దిగాయి. అక్కడ ఒక్క పీపా చమురు రావాలంటే పది పీపాల ఉప్పునీరు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, పైకి తోడాలి. పీపా అంటే 159 లీటర్లు. ఆ నీటినంతా చమురు తీసిన పొరలోకే తిరిగి పంపితే చమురు రావడం ఆగుతుంది కాబట్టి, దానికింద ఇంకా లోతున ఉన్న ఆర్బకల్ అనే పొరలోకి దింపారు. గుల్లలు, సందులు నిండిన ఆ సున్నపురాయి ఎంత పోసినా తాగుతుందని పేరు. దాని కిందే గ్రానైట్ జాతి పునాది రాయి ఉంది, పాత భ్రంశాలు ఉన్నది ఆ రాయిలోనే.

నా మనసులో పదేళ్లుగా ఉండిపోయిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. నేను నెలకు రెండుసార్లు వెళ్లే ఒక డిస్పోజల్ బావి (ఉప్పునీటిని లోపలికి దింపే బావి) పైన, తెలుపు రంగు వేసిన పైపుకు అరచేతి వెడల్పు ఒత్తిడి గేజ్ ఉండేది. రోజుకు వేల పీపాల నీరు లోపలికి పోతున్నా దాని ముల్లు సున్నా దగ్గరే నిలబడి ఉండేది. పంపుతో తోయనక్కరలేదు, కడవలోకి గరాటు పెట్టి పోసినట్టు నీరు తన బరువుతోనే దిగిపోయేది. నేలమీద ఒత్తిడి సున్నా కాబట్టి లోపల కూడా ఏమీ పెరగడం లేదని మేమందరం అనుకున్నాం, నేనూ అనుకున్నాను. అనుమతి పత్రంలో అడిగేవన్నీ పైపొరల్లోని మంచినీటికి ఉప్పునీరు తగలకుండా చూసేవే. నియమాలు పుట్టిందే మంచినీటి రక్షణ కోసం. కింద పునాది రాయి ఎంత దూరంలో ఉందో, అందులో ఏ పగుళ్లున్నాయో అడిగే గడి ఆ కాగితంలో లేదు. అసలు జరిగిందేమిటంటే, ఆర్బకల్‌లో సహజంగా ఒత్తిడి తక్కువ. అందువల్ల బావిలో నీటిమట్టం నేలకు చాలా దిగువన నిలుస్తుంది. మేం పోసినకొద్దీ ఆ మట్టం పైకి వస్తోంది, అంటే అడుగున ఒత్తిడి పెరుగుతోంది. మట్టం నేలదాకా వచ్చేవరకు పైనున్న గేజ్‌కు ఆ మాట తెలియదు. వందల బావులు, ఏళ్ల తరబడి, ఒకే పొర. నేను పనిచేసిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు, అప్పట్లో అందరూ చేసింది ఇదే. కానీ ఆ ముల్లును చూసి "అంతా బాగుంది" అని నా చేత్తో నేను రాసిన కాగితాలు గుర్తొచ్చినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

పెరిగిన ఆ ఒత్తిడి భూకంపంగా ఎలా మారుతుందో వంటింట్లోనే చూడవచ్చు. వేడినీళ్లతో కడిగిన స్టీలు గిన్నెను తడి గ్రానైట్ గట్టు మీద బోర్లిస్తే, ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే అది జారుతుంది. గిన్నె బరువు తగ్గలేదు, గట్టు వాలు పెరగలేదు. లోపల చిక్కుకున్న వేడి గాలి, ఆవిరి పైకి తోయడం వల్ల గిన్నె అంచు గట్టును నొక్కే బలం తగ్గింది. భ్రంశానికి ఇరువైపులా ఉన్న రాతిదిమ్మలు కూడా పైనున్న కిలోమీటర్ల బరువు నొక్కి పట్టడం వల్లనే జారకుండా ఉంటాయి. పగుల్లోని నీటి ఒత్తిడి పెరిగితే ఆ నొక్కు తగ్గుతుంది, అంతకుముందే పక్కకు లాగుతున్న బలం గెలుస్తుంది, దిమ్మ జారుతుంది. నీరు కందెనలా జారిస్తుందని చాలామంది అంటారు. నిజానికి పనిచేసేది తడి కాదు, ఒత్తిడి. పైగా నీరు స్వయంగా చేరకపోయినా ఒత్తిడి మాత్రం బావి నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్లు పాకగలదు. అందుకే "మా ఇంటి దగ్గర బావే లేదు, మరి ఎందుకు కదులుతోంది" అన్న ప్రశ్నకు ఫలానా బావి అని వేలెత్తి చూపడం చాలాసార్లు కుదరదు.

ఫ్రాకింగ్ వేరు. అది బావి తవ్వాక కొద్దిరోజులపాటు ఎక్కువ ఒత్తిడితో నీరు, ఇసుక పంపి రాతిని చీల్చే పని. ఆ నీటిలో కొంత వెనక్కి కూడా వస్తుంది. డిస్పోజల్ బావి అయితే ఏళ్ల తరబడి లోపలికే పోస్తుంది. ఫ్రాకింగ్ వల్ల నేరుగా భూకంపాలు రావని నేను అనను. ఓక్లహోమా నగరానికి పడమర, దక్షిణాలనున్న క్షేత్రాల్లో వచ్చాయి, అలా వచ్చినప్పుడు పని ఎప్పుడు తగ్గించాలో ఎప్పుడు ఆపాలో చెప్పే నియమాలను 2016 చివరి నుంచి అమలులో పెట్టారు. అయితే 2009 నుంచి 2016 దాకా రాష్ట్రాన్ని ఊపినవాటిలో అధిక భాగం ఉప్పునీటివే.

ఈ సంగతి ఎవరికీ తెలియకపోలేదు, నన్ను ఎక్కువ బాధించేది అదే. డెన్వర్ పక్కన అమెరికా సైన్యం రసాయన వ్యర్థజలాన్ని 3,671 మీటర్ల లోతు బావిలోకి 1962 మార్చి నుంచి పంపింది. కొద్దివారాల్లోనే ఆ నగరం కింద ప్రకంపనలు మొదలయ్యాయి. నెలవారీ పోసిన నీటికీ, నెలవారీ భూకంపాల సంఖ్యకూ ఉన్న పోలికను డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1965లో బయటపెట్టారు, 1966 ఫిబ్రవరిలో బావి ఆపారు. ఆ తర్వాత కొలరాడోలోనే రేంజ్‌లీ చమురు క్షేత్రంలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఒత్తిడిని కావాలని పెంచుతూ తగ్గిస్తూ, భూకంపాలను తెప్పించి, మళ్లీ ఆపి చూపించారు. మన వైపు కొయ్నా ఉంది. మహారాష్ట్రలోని ఆ జలాశయం 1962లో నిండడం మొదలయ్యాక చిన్న చిన్న ప్రకంపనలు పుట్టాయి, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపం దాదాపు 180 మందిని బలితీసుకుంది. దక్కను పీఠభూమి కదలని నేల అని అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అప్పటి నుంచి ఈనాటిదాకా దాన్ని వదలకుండా పరిశీలిస్తున్నారు. అక్కడ పైనుంచి నొక్కే జలాశయం, ఓక్లహోమాలో లోపలికి దింపే బావి. రెండుచోట్లా పగుల్లోని ఒత్తిడే ముఖ్యం. (మీ ములుగు భూకంపం ఈ కోవలోది కాదు. గోదావరి లోయ సహజంగానే పాత భ్రంశాల మీద ఉంది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది కూడా ఆ లోయలోనే.)

ఇన్ని ఉదాహరణలున్నా ఓక్లహోమాలో అధికారికంగా ఒప్పుకోవడానికి ఆరేళ్లు పట్టింది. 2011 నవంబరు 5 రాత్రి ప్రేగ్ అనే చిన్న ఊరి దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చి పద్నాలుగు ఇళ్లు పాడయ్యాయి, షానీలోని ఒక విశ్వవిద్యాలయ భవనం బురుజు కూలింది. అయినా ఇది ప్రకృతి సహజమేనన్న మాటే చాలాకాలం వినిపించింది. ఉద్యోగాలు, పన్నులు, పాఠశాలల నిధులు చమురుతో ముడిపడిన రాష్ట్రంలో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా జీతం కూడా అందులోంచే వచ్చింది. రాష్ట్ర భూగర్భ సర్వే 2015 ఏప్రిల్ 21న, ఈ భూకంపాల్లో అత్యధికం ఉప్పునీటి బావుల వల్ల కలిగినవే అయ్యే అవకాశం చాలా ఎక్కువని ప్రకటించింది. ఆ తర్వాత చమురు, గ్యాసు బావులను నియంత్రించే ఓక్లహోమా కార్పొరేషన్ కమిషన్ కదిలింది. పునాది రాయిని తాకుతున్న బావుల అడుగుభాగాలను సిమెంటుతో మూయించింది. 2016 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు వందల పైచిలుకు బావుల్లో పోసే నీటిని 2014 స్థాయి నుంచి నలభై శాతం తగ్గించమంది. పానీ భూకంపం వచ్చిన రోజే 37 బావులను మూయమని ఆదేశించింది.

ఫలితం అంకెల్లో కనబడింది. 2015లో తొమ్మిది వందలున్నవి 2016లో ఆరు వందల పైచిలుకు, 2017లో మూడు వందలు, 2019 నాటికి అరవై చిల్లరకు దిగాయి. ఈ ఘనతంతా కమిషన్‌దే అనడం న్యాయం కాదు. 2014 చివర చమురు ధర పడిపోవడంతో ఎన్నో బావులు గిట్టుబాటు కాక ఆగాయి, వాటితో నీరూ తగ్గింది. ఏ కారణంతో తగ్గినా, నీరు తగ్గాక భూకంపాలు తగ్గాయి. పెద్దాయన చిన్ననాటి నిశ్శబ్దం మాత్రం ఇంకా తిరిగి రాలేదు, త్వరలో వస్తుందని నేను మాట ఇవ్వలేను. లోపలికి చేరిన ఒత్తిడి మూత తీస్తే పోయేది కాదు, అది రాతి సందుల్లోంచి నెమ్మదిగా పాకుతూ సర్దుకోవాలి. డెన్వర్‌లో అన్నిటికన్నా పెద్ద భూకంపాలు 1967లో, అంటే బావి ఆపిన ఏడాదికి పైగా గడిచాక వచ్చాయి. ప్రేగ్ దగ్గర కూడా 2024 ఫిబ్రవరి 2 రాత్రి మళ్లీ 5.1 తీవ్రతతో వచ్చింది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. ఫలానా తేదీన పెద్దది వస్తుందని గానీ, ఇక రాదని గానీ చెప్పగల మనిషి, యంత్రం ఈ భూమ్మీద లేరు. ఎవరైనా తేదీ వేసి వాట్సాప్‌లో పంపితే దాన్ని మీ అమ్మాయికి పంపకండి. తీవ్రతలో ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి ముప్పై రెండు రెట్లు పెరుగుతుంది కనుక 4 తీవ్రతవి నాలుగు వచ్చినంతమాత్రాన ఒత్తిడంతా ఖాళీ అయిపోయినట్టు కాదు. చిన్నవి వస్తే పెద్దది తప్పుతుందన్న ఓదార్పు నిజం కాదు. అయితే ఏడాదికి వచ్చే చిన్నవాటి సంఖ్య తగ్గితే వాటి మధ్య నుంచి ఒక పెద్దది పుట్టే అవకాశమూ తగ్గుతుంది. ఈ లెక్కన 2015లో అక్కడ ఇల్లు కొన్నవాళ్ల కన్నా మీ పిల్లలు ఎంతో మెరుగైన స్థితిలో ఉన్నారు. ఇంటికి దెబ్బ తగిలించే స్థాయి, అంటే 5కు అటూఇటూ, మళ్లీ రావచ్చుననే అనుకుని సిద్ధపడటం నా సలహా.

సిద్ధపడటంలో మొదటి పని ఇంటిని అర్థం చేసుకోవడం. 1993లో లాతూరులో వేలమంది ప్రాణాలు పోవడానికి మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటిమీద మోయలేనంత బరువున్న కప్పులు ముఖ్య కారణం. మన పెద్దవాళ్లకు "భూమి అదిరితే బయటికి పరిగెత్తు" అన్నది అలాంటి ఇళ్ల వల్లే అలవాటైంది. ఎడ్మండ్ ఇళ్లు కొయ్య చట్రం మీద కట్టినవి. తేలికగా ఉంటాయి, వంగుతాయి, అంత సులభంగా కూలవు. బయట కనిపించే ఇటుక గోడ ఇంటిని మోయదు. సన్నని లోహపు పట్టీలతో చట్రానికి తగిలించిన ఒక వరస ఇటుక మాత్రమే. కదలికకు ముందు రాలేది అదీ, కప్పు మీదకు లేచిన ఇటుక పొగగొట్టమూ. కదులుతున్నప్పుడు గుమ్మం దాటి బయటికి పరిగెత్తినవాళ్ల నెత్తిన పడేది కూడా అదే. ప్రేగ్ భూకంపంలో ఒక ఇల్లాలు తన హాల్లో కూర్చుని ఉండగా పొగగొట్టం రాళ్లు కాళ్లమీద పడి గాయపడ్డారు. ఆమె వేసిన దావాను జిల్లా కోర్టులు వినవచ్చునని రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇచ్చింది. అందుకే మంచాన్ని, సోఫాను పొగగొట్టం ఉన్న గోడకు దూరంగా జరపమనండి.

కదలిక మొదలైతే నేలకు వంగి, గట్టి బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకుని ఉండాలి. బల్ల లేకపోతే లోపలి గోడ పక్కన తల, మెడ చేతులతో కప్పుకుని కూర్చోవాలి. రాత్రి మంచం మీద ఉంటే అక్కడే ఉండి దిండు తలమీద పెట్టుకోవడం మంచిది, చీకట్లో పగిలిన గాజు మీద నడిచి తెగిన కాళ్లు నేను చూశాను. ఓక్లహోమాలో అందరికీ సుడిగాలి అలవాటు. సైరన్ మోగితే లోపలి గదిలోకి వెళ్తారు. భూకంపానికి సైరన్ మోగదు, లోపలి గదిదాకా నడిచే సమయమూ ఉండదు. ఆగిపోయాక బయటికి రావచ్చు, వచ్చేటప్పుడు ఇటుక గోడను ఆనుకుని నడవకూడదు.

ఇంట్లో పని ఒక్క ఆదివారంలో అయిపోతుంది. నీళ్లు కాచే పెద్ద ట్యాంకును లోహపు పట్టీలతో గోడ లోపలి కొయ్య నిలువులకు బిగించాలి. అది ఒరిగితే గ్యాసు గొట్టం తెగుతుంది. టీవీని, పుస్తకాల బీరువాను గోడకు కట్టాలి. మంచం తలాపున బరువైన పటాలు, విగ్రహాలు ఉండకూడదు. మన ఇళ్లలో దేవుడి గూడు ఎత్తున ఉంటుంది, పంచలోహ విగ్రహం రెండు కిలోలున్నా చాలు. దాన్ని కింది అరలోకి దింపడం, దీపం వెలుగుతుండగా గదిని వదిలి వెళ్లకపోవడం మంచిది. గ్యాసు మీటరు దగ్గర కవాటం తిప్పే రెంచీని అక్కడే తాడుతో కట్టి ఉంచాలి, కానీ వాసన గానీ బుసబుస శబ్దం గానీ ఉంటేనే మూయాలి; ఒకసారి మూస్తే గ్యాసు కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా తెరవకూడదు.

బీమా గురించి మాత్రం జాగ్రత్తగా చదవండి, అక్కడే ఎక్కువమంది నష్టపోయారు. మామూలు ఇంటి బీమాలో భూకంపం ఉండదు, విడిగా కొనాలి. అందులో మినహాయింపు డాలర్లలో కాక శాతంలో ఉంటుంది: ఇల్లు మూడు లక్షల డాలర్లకు బీమా అయివుండి మినహాయింపు పది శాతమైతే మొదటి ముప్పై వేలు మీ పిల్లలే భరించాలి. బయటి ఇటుక వరసకు వర్తించదని చాలా పాలసీలు రాసుకుంటాయి, అక్కడ ముందు పగిలేది ఆ ఇటుకే. పానీ భూకంపంలో మా పొగగొట్టం పైభాగం పగిలి నాలుగు వేల డాలర్లు ఖర్చయింది. అది మినహాయింపు కన్నా తక్కువ కాబట్టి మాకు ఒక్క డాలరు కూడా రాలేదు. మా వీధిలో మరొకరికి గోడ పగుళ్లు పాతవేనని చెప్పి కంపెనీ తిప్పి పంపింది. ఓక్లహోమా ఎర్రమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, ఆ కదలికకు కూడా గోడలు బీటలిస్తాయి కాబట్టి ఏది పాతదో ఏది కొత్తదో తేల్చడం కష్టం. అందుకని ఈ వారంలోనే మీ అమ్మాయిని ఇంటి లోపల, బయట ప్రతి గోడకూ, పునాది అంచుకూ, పొగగొట్టానికీ తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోమనండి. మరో సంగతి, మనుషుల వల్ల కలిగిన భూకంపానికి డబ్బు చెల్లించబోమన్న మాట పాలసీలో ఉందేమో చూడాలి. 2014లో వచ్చిన సుమారు వంద క్లెయిముల్లో ఎనిమిదింటికే చెల్లింపు జరగడంతో, అప్పటి రాష్ట్ర బీమా కమిషనర్ జాన్ డోక్ 2015లో ఈ వంకతో తిరస్కరించడంపై కంపెనీలను హెచ్చరించారు. ఏజెంటు నోటిమాట నమ్మకుండా ఈ రెండు సంగతులకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. పెద్ద భూకంపం వచ్చిన వెంటనే కొన్ని వారాలపాటు కంపెనీలు కొత్త పాలసీలు అమ్మవు, కొనేదేదో ఇప్పుడే కొనాలి.

ఇల్లు అమ్మాలా అన్నదానికి, నేనైతే అమ్మమని చెప్పను. పొరుగు రాష్ట్రానికి పోతే తప్పుతుందని కూడా అనుకోకండి. డాలస్ పక్కన మన తెలుగువాళ్లు అంత ఎక్కువగా ఉన్న ఇర్వింగ్‌లో 2015 జనవరి 6, 7 తేదీల్లో వరసగా పది పైగా ప్రకంపనలు వచ్చాయి, వాటిలో పెద్దది 3.6, పశ్చిమ టెక్సాస్ చమురు క్షేత్రాల్లో 2022లో 5 దాటినవి రెండు వచ్చాయి. ఉద్యోగం, పిల్లల బడి, ఇష్టం చూసుకుని ఎడ్మండ్‌లో ఉండదలిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. కార్పొరేషన్ కమిషన్ వెబ్‌సైటులో డిస్పోజల్ బావుల పటం అందరికీ ఉచితంగా దొరుకుతుంది. తమ ఇంటికి ముప్పై కిలోమీటర్ల లోపు బావుల్లో నీరు పెరుగుతోందో తగ్గుతోందో మీ అల్లుడు ఏడాదికోసారి చూసుకుంటే చాలు. కదలిక తెలిసిన ప్రతిసారీ అమెరికా భూగర్భ సర్వే సైటులో "మీకు తెలిసిందా" అనే ఫారం నింపమనండి. రెండు నిమిషాల పని. ఏ వీధిలో ఎంత ఊగిందో శాస్త్రజ్ఞులకు తెలిసేది ఎక్కువగా ఆ ఫారాల వల్లే.

వీలైతే ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో, పొగగొట్టం ఇటుకదా లేక రేకు గొట్టం చుట్టూ కొయ్య పెట్టెలా కట్టినదా, కప్పు మీద ఎన్ని అడుగులు లేచి ఉందో కనుక్కుని ఇక్కడే రాయండి. ఇటుకదైతే పైభాగం దింపించి రేకు గొట్టం పెట్టించడం మంచిదా, పట్టీలతో బిగిస్తే సరిపోతుందా అన్నది ఆ వివరాలు చూశాక చెబుతాను.